మోకాళ్ల కాడ చిరిగిన ప్యాంట్లు

తిరుపతి కొర్లగుంటలో మాది చిన్న టైలరింగ్ అంగడి. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, మేకుకు వేలాడే టేపు, ఎప్పుడూ నిండుగా ఉండే రిపేర్ల బుట్ట. మా ఆయన కొండకు ట్యాక్సీ తోలుతాడు. జాకెట్లు, పంజాబీ డ్రస్సులు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి గానీ, ఏప్రిల్ ఆఖరు నించి జూలై దాకా మాకు అన్నం పెట్టేవి యూనిఫారాలే. ఆ తర్వాత దసరా దాకా వాటి రిపేర్లు.

పదకొండేళ్లుగా ఈ ఊరి బడిపిల్లల బట్టలు నా చేతుల మీదుగా పోతున్నాయి. ఏ బడి పిలగాడి ప్యాంటు ఎక్కడ పాడవుతుందో చూడకుండా చెప్పగలను. ఆరో తరగతి నించే ఐఐటి ఫౌండేషన్ అని బోర్డు పెట్టిన బళ్ల ప్యాంట్లు మోకాళ్ల కాడ కొన్ననాటి మాదిరే ఉంటాయి. వెనక, కూర్చునే చోట మాత్రం బట్ట అరిగిపోయి, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. చొక్కా జేబు మూలన ఇంకు మరక. ఇంకొక రకం ప్యాంట్లు వస్తాయి. మోకాలు చిరిగి ఉంటుంది, ఎర్రమట్టి కుట్లలోకి దిగి ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా ఆ దారం తెల్లబడదు. చొక్కాకు గుండీలు రెండు తక్కువ. ఆ రకం వాటిలో సగానికి సగం ఒకే బడివి. నీలం ప్యాంటు, జేబు మీద సిలువ గుర్తు. ఫాదర్ల బడి అంటారు మా పక్క.

నా కొడుకు ప్యాంటు మొదటి రకం.

నిరుడు డిసెంబరు దాకా ఆ సంగతి నా బుర్రకు ఎక్కలేదు. వాడు అప్పుడు ఏడో తరగతి. పొడుగు పెరిగాడు కదా, కింది మడత విప్పుదామని ప్యాంటు మిషన్ మీద వేశాను. వెనక బట్ట చేత్తో తడిమితే కాగితంలా పలచబడి ఉంది. మోకాళ్ల కాడ గీత కూడా లేదు. ఊరివాళ్ల పిల్లల బట్టల్లో ఏటా చూసే సంగతి నా ఇంటి బట్టలో నాకు కనపడలేదు. వాడు పొద్దున ఏడుంబావుకు బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు దిగుతాడు. ఆదివారం వీక్లీ టెస్టు. పన్నెండేళ్లు నిండినాయి, సైకిల్ తొక్కడం రాదు. మార్కులు మటుకు ర్యాంకుతో సహా ఫోనుకు ఠంచనుగా వచ్చి పడతాయి.

ఆ రాత్రి, వాడి బడి మారుద్దామని మా ఆయనకు చెప్తే నవ్వాడు. "ప్యాంటు చూసి బడి మారుస్తారామే ఎవురన్నా?" అన్నాడు. నేను ప్యాంటు ఆయన చేతిలో పెట్టి, లైటు కిందికి తీసుకుపోయి చూపించాను. ఆ తర్వాత నవ్వలేదు. దేవస్థానం బడి ఉండాది కదా అన్నాడు. ఆయన చదివింది టీటీడీ వాళ్ల ఎస్.వి. హైస్కూల్లోనే, ఆ బడి పేరెత్తితే ఇప్పటికీ గొంతు మారిపోతుంది. ఫీజు బాధ లేదు, మంచి అయ్యవార్లు ఉన్నారు, నాకూ తెలుసు. కానీ పిలగాడు ఎల్‌కేజీ నించి ప్రైవేటులో, చిన్న క్లాసుల్లో పెరిగినవాడు. ఒక్కసారిగా పెద్ద క్లాసులోకి పోతే మూలకు కూర్చుంటాడని నా భయం. ఇంగ్లీషు మీద ఆశ కూడా ఉంది, దాచేదేముంది. అందుకే ఫాదర్ల బడి అన్నా.

మా అత్త మాత్రం ఫాదర్ల బడి అన్న మాట చెవిన పడగానే పూజ మధ్యలోంచి లేచి వచ్చింది. "ఏడుకొండలవాడి పాదాల కాడ కాపురముంటా, పిలగాడ్ని సిలువ బడికి పంపుతారా? శనివారం ఒంటిపొద్దు ఉండే ఇల్లు మే ఇది." నేను నోరు మెదపలేదు. ఆమెతో వాదిస్తే గెలవడం ఎవరి తరమూ కాదు. ముందు బడి చూసొద్దాం, తర్వాత చూసుకుందాం అనుకున్నా.

మా గిరాకీల్లో ఒక అక్క ఉంది, వాళ్లది గుంటూరు దిక్కు ఫిరంగిపురం. అక్కడ ఊరంతా ఆర్.సి.ఎం. వాళ్లే, అంటే రోమన్ కథోలికులే ఎక్కువ, బాలయేసు గుడి పేరు మీద పెద్ద తిరునాళ్ల జరుగుతుంది. ఆమె కూతురి ప్రథమ దివ్యసత్ప్రసాదానికి, అంటే చర్చిలో పిల్లలకు మొదటిసారి ప్రసాదం ఇచ్చే వేడుకకు, తెల్ల ఫ్రాకు నేనే కుట్టాను, మోచేతుల దాకా లేసు పెట్టి. కొలతలకు వచ్చినప్పుడు ఆమెను అడిగితే, నాకు తెలియని లోకం ఒకటి విప్పింది. నాకు అంతదాకా చర్చి అంటే చర్చే. మన పక్క ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయంట. చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె దిక్కు పాత ఆర్కాటు మిషన్ నించి వచ్చిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు. తిరుపతిలో లూథరన్ వాళ్లు, వాళ్ల సంఘానికి పెద్దాఫీసు కూడా ఈ ఊళ్లోనే. ఇక కథోలిక వాళ్లు, రోమ్‌లో పోపుగారిని పెద్దగా ఒప్పుకునేవాళ్లు. మేరీమాత విగ్రహం, పెళ్లి చేసుకోని ఫాదర్లు, మఠకన్యలు అంటే సిస్టర్లు ఉంటే అది కథోలిక బడి.

"సెయింట్ అని పేరుంటే మాది అనుకోబాకమ్మా," అంది ఆ అక్క. "ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. రెడ్డిగారు పెట్టుకోవచ్చు, నాయుడుగారు పెట్టుకోవచ్చు. నడిపేది ఎవరని అడుగు. మేత్రాసనమా, సభా?" మేత్రాసనం అంటే బిషప్‌గారి కింద ఉండేది. మన చిత్తూరు, తిరుపతి అంతా కడప మేత్రాసనం, 1976లో నెల్లూరు నించి విడదీశారంట. సభ అంటే ఫాదర్లదో సిస్టర్లదో సొంత సంస్థ. ఫాదర్ పేరు చివర ఎస్.జె. అని ఉంటే జెసూట్లు, విజయవాడ లయోలా కాలేజీ వాళ్లది. ఎస్.డి.బి. అంటే డాన్ బాస్కో వాళ్లు. ఎస్.జి. అంటే మోంట్‌ఫోర్ట్ బ్రదర్లు, వాళ్లు పూజలు చేసే ఫాదర్లు కారు, బళ్లు నడపడమే పని. నేను ఇవన్నీ చాక్ ముక్కతో కటింగ్ టేబుల్ మీద రాసుకున్నా. సాయంత్రానికి ఎవరిదో జాకెట్ గుడ్డ పరిచి తుడిచేశాను గానీ, బుర్రలో నిలబడింది.

జనవరి సంక్రాంతి దాటగానే తిరగడం మొదలుపెట్టాం. మొదటి బడికి ముందు పెద్ద సెయింట్ పేరు, గేటు మీద దేవదూత బొమ్మ. లోపల గోడల నిండా ర్యాంకుల ఫ్లెక్సీలు. ఫాదర్ ఎక్కడ సార్ అంటే, "ఫాదరా? కరస్పాండెంట్ గారు బిజినెస్ మీద బెంగళూరు పోయినారు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. ఆ అక్క మాట అప్పుడే నిజమైంది. అదీగాక బిల్డింగ్ ఫండ్ కింద ఒక మొత్తం అడిగారు, రసీదు ఇవ్వరంట. ఐదు నిమిషాల్లో బయటపడ్డాం.

రెండోది సిస్టర్లది. బడి చూస్తే కళ్లు చల్లబడ్డాయి. వరండాలో ఒక్క కాగితం ముక్క లేదు, కిటికీల కింద కుండీల్లో కనకాంబరాలు, ఎక్కడో పిల్లలు గొంతు కలిపి ఎక్కాలు చెప్తున్నారు. ఆ సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అంతా విని, "మగపిల్లలకు ఐదో తరగతి వరకేనమ్మా. ఆరు నించి అమ్మాయిలే" అంది. ఆ ఒక్క ముక్క గేటు కాడ వాచ్‌మన్ చెప్పి ఉంటే మా ఆయనకు అర పూట బాడిగ మిగిలేది. కాన్వెంట్లకు మగపిల్లల్ని తీసుకుపోయేవాళ్లు ముందు ఫోను చేసి ఈ సంగతి అడగండి.

మూడోది చిత్తూరులో. మా మరిది వాళ్లు మిట్టూరులో ఉంటారు, వాళ్లు చెప్పారు, బోర్డింగ్ ఉందని. తిరుపతి నించి డెబ్బై కిలోమీటర్లు, చంద్రగిరి, పూతలపట్టు మీదుగా. పోయిన రోజు మధ్యాహ్నం పిల్లలు బారుగా పళ్లాలు పట్టుకుని కూర్చున్నారు. రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, సాంబారు. వార్డెన్ ఫాదర్ వాళ్ల మధ్యనే కూర్చుని తింటున్నాడు, వేరే బల్ల లేదు, వేరే గిన్నె లేదు. అది చూసి మా ఆయన సగం ఒప్పుకున్నాడు. కానీ అక్కడ ఎక్కువమంది పల్లెల నించి వచ్చిన, కూలినాలి చేసుకునేవాళ్ల పిల్లలు, ముందు సీటు వాళ్లకే. అది న్యాయం. మేము అక్కడ ఒక సీటు పట్టుకుంటే ఇంకొకడికి పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మావాడు పాకాల దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత, "అమా, నన్ను హాస్టల్లో వేస్తావా?" అన్నాడు. లేదులే అన్నా. అక్కడితో బోర్డింగ్ మాట అయిపోయింది.

మిగిలింది ఆ నీలం ప్యాంట్ల బడి. దానికి లోపలికి పోలేదు నేను ముందు. ఫిబ్రవరిలో ఒక బుధవారం నాలుగు గంటలకు రోడ్డుకు అవతల చెరకురసం బండి కాడ నిలబడ్డా. మీకు నవ్వొస్తుందేమో. బడి వదిలే వేళ గేటు కాడ నిలబడితే ఆఫీసు రూములో చెప్పనివి కనపడతాయి. గంట కొట్టాక పిల్లలు వెంటనే బయటికి రాలేదు. ముప్పావు గంట గ్రౌండులో దుమ్ము లేస్తూనే ఉంది. కబడ్డీ ఒక పక్క, ఇంకో పక్క చిన్నోళ్లు చెప్పులు గోల్‌పోస్టుగా పెట్టుకుని ఫుట్‌బాల్. పీఈటీ సారు ఉన్నాడు, విజిల్ మెడలో ఉంది, ఊదలేదు. బయటికి వచ్చిన పిల్లల్లో ఒకడు నన్ను గుర్తుపట్టి, "ఆంటీ, మా ప్యాంటు అయిందా?" అని అరిచాడు. అయింది నాయనా, రేపు రా అన్నా.

దరఖాస్తు ఫారం రెండు వందలు. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, ఏడో తరగతి మార్కులు, ఫొటోలు. ఎనిమిదో తరగతిలో ఖాళీ అయిన సీట్లే ఇస్తారు, కొత్త సెక్షన్ పెట్టరు. తొమ్మిదికి అయితే అసలు కష్టం, ఏ బడీ తీసుకోవడానికి ఇష్టపడదు. మార్చాలనుకునేవాళ్లు ఎనిమిదిలోపే మార్చుకోవాలి, ఇది మూడు బళ్లలోనూ విన్న మాట. సీట్లలో ముందు కథోలిక పిల్లలు, తర్వాత అక్కచెల్లెళ్లో అన్నదమ్ములో అప్పటికే అక్కడ చదివేవాళ్లు, ఆ మిగిలినవి మాబోటి వాళ్లకు. దానికీ పరీక్ష.

పరీక్ష అనగానే నాకు కోపం వచ్చింది. మా అంగడికి రిటైర్డ్ తెలుగు టీచరమ్మ ఒకామె జాకెట్లకు వస్తుంది, పుస్తకాల పురుగు. విద్యాహక్కు చట్టంలో ఎనిమిది దాకా పరీక్ష పెట్టి వడబోయకూడదని ఉంది కదా అని ఆమెను అడిగా. "ఉంది. 13వ సెక్షన్. డొనేషన్ కూడా కూడదని అందులోనే ఉంది. కానీ మైనారిటీ బళ్లకు ఆ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం వాళ్లకు సొంతంగా బడి నడుపుకునే హక్కు ఇచ్చింది. నువ్వు అడిగే ఇరవై అయిదు శాతం ఉచిత సీట్లు కూడా అందుకే అక్కడ ఉండవు. ఉన్నా ఒకటో తరగతికే" అంది. ఆ మాటతో పాటే, "చేతి కింద ఒక ఇంచు వదులు పెట్టు, పోయినసారి బిగిసింది" అని కూడా అంది. మా టీచరమ్మ అంతే.

పరీక్షకు వారం ముందు ఇంకో సంగతి జరిగింది. మా ఆయన కొండ దిగుతూ ఉంటే మొదటి ఘాట్‌లో బ్రేకు సరిగ్గా పడక బండి గోడకు రాసుకుని ఆగింది. లోపల ఐదుగురు యాత్రికులు, ఎవరికీ గీత పడలేదు. ఆ రాత్రే మా అత్త మొక్కుకుంది, తండ్రీకొడుకులిద్దరూ తలనీలాలు ఇస్తారని. కల్యాణకట్టలో గుండు చేయించి గంధం పూసుకుని వచ్చారు. అలా పరీక్ష రోజుకు నా కొడుకు నున్నటి గుండుతో, ఎండిన గంధం చెవుల వెనక పెచ్చులు కట్టి, ఫాదర్ల బడి గేటు ముందు నిలబడ్డాడు. టోపీ పెట్టుకోరా అంటే వద్దన్నాడు. నా గుండె మటుకు దడదడలాడింది.

రాత పరీక్ష అయ్యాక ఒక్కొక్కరినే ఫాదర్ గదిలోకి పిలిచారు. ఆయనది జమ్మలమడుగు దిక్కు, మాట వినగానే తెలిసిపోయింది. యాభై దాటి ఉంటాయి, తెల్ల అంగీ మోచేతి కాడ రఫూ చేసి ఉంది, చేత్తో చేసిన రఫూ, నీటుగా ఉంది. నా కళ్లు ముందు అక్కడికే పోయినాయి. ఆయన కళ్లు మావాడి గుండు మీదికి పోయినాయి. "ఎప్పుడయింది నాయనా కల్యాణకట్ట?" అన్నాడు. సోమవారం అన్నాడు మావాడు. "కత్తి గీసుకుందా?" "ఇక్కడ కొంచెం." "ఆ, అది ఆరిపోతుందిలే. మీ క్లాసులో నీకు తోడు ఇంకో ఇద్దరు గుండుగాళ్లు ఉంటారు ఎప్పుడు చూసినా. తిరుపతి కదా." అంతే. ఆ తర్వాత ఇంగ్లీషులో ఏదో చదవమన్నాడు, తెలుగు వాచకం తెరిచి ఒక పద్యం చదవమన్నాడు. ఇంగ్లీషు గడగడా చదివాడు. తెలుగు పద్యం దగ్గర మూడుసార్లు ఆగాడు. ఫాదర్ పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.

నన్ను, మీరేం చేస్తారమ్మా అని అడిగాడు. టైలరింగ్ అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి తిరిగి గోడ మీది పటం చూపించాడు. నల్ల అంగీ వేసుకున్న ఒక ఫాదర్, చుట్టూ పిల్లలు. "ఈయన డాన్ బాస్కో. మా బడి ఆయన సభవాళ్లది కాదు, మేత్రాసనానిది. అయినా పెట్టుకున్నా. ఇటలీలో టూరిన్ అనే ఊళ్లో వీధి పిల్లల్ని చేరదీశాడు. 1853లో వాళ్లకు మొదట పెట్టిన పని షెడ్లలో చెప్పులు కుట్టేది ఒకటి, బట్టలు కుట్టేది ఒకటి. ఈయనే చిన్నప్పుడు చదువుకుంటా ఒక టైలర్ ఇంట్లో ఉండి సూది పట్టినాడు." నేను పటం వైపు చూశాను. ఆయన చేతుల్లో సూది ఏమీ లేదు గానీ, ఎందుకో ఆ గదిలో నాకు కుర్చీ కొంచెం వెడల్పయినట్టు అనిపించింది.

అప్పుడు ధైర్యం చేసి అడిగేశాను. మావాడు చర్చికి రావాల్సి ఉంటుందా ఫాదర్, బైబిల్ చదవాలా అని. ఆయన గట్టిగా నవ్వాడు. "మా పిల్లలే ఆదివారం పూజకు సరిగ్గా రారమ్మా. మీవాడ్ని యాడికని లాక్కొచ్చేది?" తర్వాత నిదానంగా చెప్పాడు. పొద్దున అసెంబ్లీలో ఒక ప్రార్థన ఉంటుంది, దాంతో పాటు రాజ్యాంగ పీఠిక కూడా చదివిస్తారు. 2024లో మన దేశపు కథోలిక బిషప్పుల సమాఖ్య తమ బళ్లన్నింటికీ పంపిన సూచనల్లో అది ఉందంట, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దకూడదని కూడా అందులో రాశారంట. వారానికి రెండు పీరియడ్లు కథోలిక పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే వాళ్ల మతపాఠం, ఆ టైములో మిగతావాళ్లకు వేరే గదిలో నీతిపాఠం. మా టీచరమ్మ అప్పటికే చెప్పి ఉంది, 28వ అధికరణం ప్రకారం సర్కారు గుర్తింపున్న ఏ బడిలోనైనా తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధకో, ప్రార్థనకో కూర్చోబెట్టకూడదని. ఫాదర్ మాట, టీచరమ్మ మాట ఒకచోట కలిసినాయి. బొట్టు, చేతి తాడు సంగతి కూడా అడిగా. బొట్టు పెట్టుకోవచ్చు, తాళ్లు మూడు నాలుగు ఉంటే ఒకటి చేసుకోమన్నాడు, కబడ్డీలో పట్టుకుని లాగుతారని.

సిలబస్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద ఇంట్లో పెద్ద రగడ అయింది. ఫాదర్ల బళ్లంటే ఐసీఎస్ఈ అనుకుంటారు చాలామంది. కొన్ని అలా ఉంటాయి. ఈ బడి స్టేట్ సిలబస్, ఇంగ్లీషు మీడియం. మా మరిది ఫోను చేసి, స్టేట్ అయితే ఎందుకొదినా అన్ని తిప్పలు అన్నాడు. నాకు మటుకు ఆ పద్యం కాడ మూడుసార్లు ఆగిన గొంతు గుర్తొచ్చింది. స్టేట్‌లో తెలుగు ఫస్ట్ లాంగ్వేజీ, పదో తరగతిలో నూరు మార్కుల పేపరు, తప్పించుకోలేడు. అమ్మ కుట్టు లెక్కల పుస్తకం చదవలేని కొడుకు నాకెందుకు?

ఏప్రిల్ ఆఖరులో నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టారు. పదకొండు సీట్లు, మావాడిది తొమ్మిదో పేరు. ఫీజు ఏడాదికి ముప్పై ఆరు వేలు, మూడు కంతులు. పాత బడిలో పుస్తకాలు, బస్సు కలిపి ఎనభై దాటేది. ఇక్కడ బస్సే లేదు. ఇంటికి నాలుగు కిలోమీటర్లు, పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. సైకిల్ రాని సంగతి అప్పుడు మళ్లీ ముందుకొచ్చింది. ఎండాకాలమంతా పొద్దున్నే ఐదున్నరకు యూనివర్సిటీ రోడ్ల మీదికి తండ్రీకొడుకులు పోయేవాళ్లు. మోచేయి రెండుసార్లు గీసుకుంది, ఒక కుక్క తరిమింది, పదో రోజుకు వచ్చేసింది.

అసలు తల నొప్పి టీసీ కాడ. పాత బడి వాళ్లు, ఎనిమిదో తరగతి సీటు మీకోసం ఆపాం కాబట్టి వచ్చే ఏడాది మొదటి టర్మ్ ఫీజు కట్టి టీసీ తీసుకోండి అన్నారు. చదవని ఏడాదికి ఫీజంట! మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ ఏసీ గదిలో కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో అడిగిన వెంటనే టీసీ ఇవ్వాలని ఉంది గానీ, అది సర్కారు, ఎయిడెడ్ బళ్లకు మారేవాళ్ల గురించి రాసింది, మా కేసుకు అచ్చంగా అతకదు అని టీచరమ్మ ముందే చెప్పింది. అయినా ఎం.ఇ.ఓ. (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వు, రసీదు తీసుకో అంది. ఇచ్చాను. నాలుగో రోజు పాత బడి నించే ఫోను వచ్చింది. నిజంగా బాకీ ఉన్నది ఆరున్నర వేలు, అది కట్టి టీసీ తెచ్చుకున్నా. ఇంకో మెలిక, కాగితం ఇస్తే సరిపోదు. ఆన్‌లైన్లో, సర్కారు వాళ్ల బడిపిల్లల లెక్కల సైటులో, పిల్లవాడి పేరు డ్రాప్‌బాక్సులోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి వదిలితేనే కొత్త బడి వాళ్లు ఎక్కించుకోగలరు. అది వదలకుండా మరో పది రోజులు తిప్పారు. టీసీ తీసుకునే రోజే, వాళ్ల ముందరే డ్రాప్‌బాక్సులో వేయించుకుని రండి.

ఫీజు కట్టే రోజు సరిగ్గా గంగజాతరలో వచ్చింది. ముందు రోజు తోటివేషం, జాతరలో రోజుకొక వేషం కదా. మావాడు ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపాకు కట్టుకుని వీధులన్నీ తిరిగాడు. పొద్దున రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోసినా చెవుల్లో, మెడ మడతల్లో నల్లగా అట్లే ఉంది. ఆఫీసులో క్లర్కు సిస్టర్ వాడ్ని ఎగాదిగా చూసింది. నేనేదో చెప్పబోతే, "మా వాచ్‌మన్ కొడుకు కూడా ఇట్లే వచ్చినాడమ్మా పొద్దున" అని రసీదు చింపి ఇచ్చింది.

యూనిఫారం కాడ నాకు చిన్న పోరాటం. బట్టలు ఒకే కాంట్రాక్టు అంగట్లో రెడీమేడ్ కొనాలన్నారు. ఆ ప్యాంట్లు నాకు తెలుసు. మోకాలు కాడ బట్ట ఒకే పొర, నడుము లోపల వదులు ఒక్క ఇంచు కూడా వదలరు, పెరిగే పిలగాడికి ఆరు నెలలు రావు. ఫాదర్ కాడికే పోయి, టైలర్ కొడుక్కు రెడీమేడ్ ప్యాంటు కొనమంటే నా అంగడి పరువు పోతుంది ఫాదర్ అన్నా. ఆయన ఒక నిమిషం ఆలోచించి, బట్ట ఆ అంగట్లోనే కొనండి, కుట్టు మీరు కుట్టుకోండి అన్నాడు. కొన్నా. నడుముకు రెండించులు వదులు, కింద మూడించుల మడత, మోకాళ్లకు లోపల ఇంకో పొర పెట్టి కుట్టా. జూన్ 12న బడి తెరిచారు. గేటు కాడ ఇద్దరు తల్లులు ఆ ప్యాంటు ఎక్కడ కుట్టించారని అడిగారు, ఆ వారం నాకు ఎనిమిది ఆర్డర్లు.

అంతా పాలూ తేనే అని చెప్పను. ఇక్కడా ఒక పిచ్చి పద్ధతి ఉంది, క్లాసులో తెలుగు మాట్లాడితే ఇంపోజిషన్. జూలైలో మావాడు ఒకే వాక్యం యాభైసార్లు రాసుకుంటూ కూర్చుంటే ఏందిరా అని అడిగా. పక్కోడ్ని స్కేలు ఇయ్యరా అన్నాడంట. నాకు ఒళ్లు మండింది. ఫాదర్ను అడిగితే, ఇంగ్లీషు రావాలని మీలాంటి తల్లిదండ్రులే అడుగుతారమ్మా అన్నాడు. అది అబద్ధం కాదు కాబట్టి నోరు మూసుకున్నా. టీచర్లతో మాట్లాడతానన్నాడు. ఇప్పుడు గ్రౌండులో ఏ భాషైనా మాట్లాడుకోవచ్చు, క్లాసులో మటుకు అట్లే ఉంది. ర్యాంకు కూడా తగ్గింది వాడికి, మొదటి ఎఫ్.ఏ. పరీక్షలో లెక్కలు ముప్పాతిక దాటలేదు. మా ఆయన దాని మీద రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మా అత్త ఆగస్టు పదిహేనుకు బడికి వచ్చింది, మనవడు కబాతులో నడుస్తాడని. జెండా అయ్యాక ఆవరణలో మేరీమాత గూడు ముందు కాసేపు నిలబడింది. చీర కట్టించి, మల్లెపూల దండ వేసి ఉన్నారు ఆ విగ్రహానికి. దగ్గరికి పోయి చూసి, "దండ వాడిపోయింది, మార్చమని చెప్పు మే" అంది నాతో. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు. శనివారం ఒంటిపొద్దు మామూలే.

పోయిన వారం వాడి ప్యాంటు రిపేర్ల బుట్టలో కనపడింది, వాడే వేసి పోయాడు. మోకాళ్లు బాగానే ఉన్నాయి, రెండు పొరలు కదా. చిరిగింది కుడి జేబు, అడుగు మొత్తం. లోపలికి చెయ్యి పెడితే జిగటగా ఉంది, నల్లటి సీతాఫలం గింజలు ఇరవై దాకా తగిలాయి. సాయంత్రాలు గ్రౌండు అయిపోయాక ఇంటికి వచ్చే దారిలో ఎవరి తోటలోనో కాయలు కోస్తున్నారు, అడిగితే చెప్పడు. జేబు విప్పదీశా. ఆ నీలం బట్ట ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు అంగట్లో, అన్నీ జూన్‌లోనే అయిపోయినాయి. ఎవరిదో ఖాకీ డ్రిల్లు మిగిలి ఉంటే కత్తిరించి, కుట్టు రెండు వరసలు వేసి ఆ జేబే పెట్టా. లోపల కదా, ఎవరు చూస్తారు.